పాలచెరువు విడిదిలో కుక్కకు చోటు

గరికబయలు అనే మైదానంలో కొండలు లేవు, కీకారణ్యం లేదు. ఎటు చూసినా మోకాలెత్తు గడ్డి, అక్కడక్కడా తుమ్మచెట్లు. ఆ గడ్డిలో జింకలు, కుందేళ్లు, గొర్రెలు, గాడిదలు, గేదెలు బతికేవి. వాటిని తిని తోడేళ్లు కూడా బతికేవి. మైదానం నడుమ పాలచెరువు ఉండేది. ఎంత ఎండ కాసినా ఆ చెరువు అడుగు కనిపించేది కాదు.

చెరువుకు ఒక వైపు పొడుగాటి మట్టికట్ట. ఆ కట్టకు దిగువన మెత్తటి పచ్చిక, చల్లటి గాలి. అందుకే వేసవి రాగానే జంతువులన్నీ పిల్లాజెల్లాతో వచ్చి అక్కడ విడిది చేసేవి. ఒక్కో కుటుంబానికి నాలుగు రాళ్లు పాతి ఒక స్థలం ఇచ్చేవారు. గేదెల మంద అంచున పడుకునేది కాబట్టి తోడేళ్లు అటు తొంగి చూసేవి కావు. తొలకరి పడిందంటే ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోయేవారు.

ఈ విడిదిని పెట్టింది డిప్పవ్వ అనే ముసలి తాబేలు. విడిది నియమాలన్నీ ఒక పెద్ద రాతిపలక మీద తన గోటితో చెక్కింది కూడా ఆమే. అయితే తాబేళ్ల సంగతి మీకు తెలుసు కదా! ఎండలు ముదిరితే బురదలోకి దూరి పడుకుంటాయి. వానలు పడితే గానీ లేవవు. డిప్పవ్వ లేచేసరికి విడిది ఖాళీ. విడిది నిండేసరికి డిప్పవ్వ నిద్ర. అందుకని మూడేళ్ల నుంచి విడిది పెత్తనం ఒక గూడబాతు చేతిలో ఉంది.

ఆ గూడబాతు పేరు సంచులయ్య. ముక్కు కింద పెద్ద సంచి వేలాడుతుంటుంది కదా, అందుకని ఆ పేరు. తనకు చదువు వచ్చని అతనికి మహా గర్వం. పొద్దున లేచింది మొదలు ఆ రాతిపలక మీదెక్కి కూర్చునేవాడు. అక్కడే తినేవాడు, అక్కడే కునికేవాడు. మిగతా పనులు కూడా అక్కడే కానిచ్చేవాడు. నియమాలన్నీ కంఠతా వచ్చునని చెప్పుకునేవాడు గానీ, కిందికి దిగి పలకను మళ్లీ చదివిన పాపాన పోలేదు.

ఒక వేసవి మధ్యాహ్నం ఆ విడిదికి ఇద్దరు స్నేహితులు నడుచుకుంటూ వచ్చారు. ఒకరు గవ్వ అనే కుక్క. నుదుటి మీద గవ్వలాంటి తెల్లమచ్చ ఉండేది కాబట్టి ఆ పేరు. రెండోవారు సింగారి అనే మేక. సింగారికి నెలలు నిండాయి. ఇవాళో రేపో ఈనేలా ఉంది.

వాళ్లు అప్పటికే రెండు విడుదులు తిరిగారు. ముళ్లకుంట దగ్గర ఒక ముసలి పొట్టేలు, "మేకకు చోటుంది, కుక్కకు లేదు" అంది. సంతతోపు దగ్గర ఒక గాడిద ఆ మాట కూడా అనలేదు. వెనక్కి తిరిగి కాళ్లు చూపించింది.

కిందటేడు కూడా ఇలాగే జరిగింది. ఇద్దరికీ కలిపి ఎక్కడా చోటు దొరక్క, సింగారి బయట గడ్డిలోనే ఈనింది. తోడేలు వచ్చింది. గవ్వ దాని మీద పడి కలబడింది. తన ఎడమ చెవి సగం చిరిగిపోయినా వదలలేదు. అయినా పిల్ల దక్కలేదు. ఆనాటి నుంచి సింగారి పడుకున్నా కళ్లు మూసేది కాదు. చిన్న ఆకు కదిలినా ఉలిక్కిపడి లేచేది. ఈసారి పిల్ల మాత్రం కట్టుదిట్టమైన చోట పుట్టాలి. గవ్వ మనసులో ఇంకో కోరిక లేదు.

"సంచులయ్యగారూ, దండాలు. మా ఇద్దరికీ నాలుగు రాళ్ల చోటు ఇప్పిస్తారా?" అని గవ్వ అడిగింది.

సంచులయ్య ఒక కన్ను తెరిచి చూశాడు. "మేకకు ఇస్తాను. కట్ట కిందనే, నీడ ఉన్న చోటు. నీకు మాత్రం నియమం ఉంది" అన్నాడు.

"ఏం నియమమండీ?"

"చదువు వస్తే నువ్వే చదువుకో" అని సంచులయ్య రెక్కతో పలక చూపించాడు.

గవ్వ చదివింది. పలక మీద నల్లటి రాతిలో అక్షరాలు చెక్కి ఉన్నాయి. 'కుక్కలను కట్ట' అని ఉంది. తరవాత కాస్త తెల్లగా ఉంది. ఆ తరవాత 'వలెను' అని ఉంది.

"కుక్కలను కట్టవలెను. అంటే తాడుతో కట్టేయాలి. విడిది చివర తుమ్మ మొద్దు ఉంది, అక్కడ" అన్నాడు సంచులయ్య.

"మరి మధ్యలో ఆ ఖాళీ ఏమిటండీ?" అంది గవ్వ.

సంచులయ్యకు కోపం వచ్చింది. "డిప్పవ్వ ముసలిది. చెక్కుతూ చెక్కుతూ కాస్త ఊపిరి తీసుకుని ఉంటుంది. నాకే చదవడం నేర్పుతావా? ఉంటే కట్టు మీద ఉండు. తాడు తప్పించుకున్నావా, నువ్వూ నీ మేకా ఇద్దరూ బయటికి!" అన్నాడు.

సింగారి గవ్వ చెవి దగ్గరకు వచ్చింది. "వద్దు చెల్లీ. నిన్ను కట్టేసిన చోట నేను ఉండను. పోదాం పద" అంది.

"ఎక్కడికి పోతాం అక్కా? నీ కాళ్లు వాచి ఉన్నాయి. నాలుగు రోజులు తాడు కడితే నా మెడ అరిగిపోదులే" అంది గవ్వ. నవ్వుతూ ఆ మాట అని, తానే వెళ్లి తుమ్మ మొద్దు పక్కన నిలబడింది.

అలా గవ్వను గోగునార తాడుతో తుమ్మ మొద్దుకు కట్టేశారు. అది కట్ట చివర, గడ్డి కూడా మొలవని చౌడు నేల. నీడ లేదు. కుందేలు పిల్లలు దూరం నుంచి వచ్చి వింతగా చూసి పోయేవి. జింకలు తాడు పొడవు కొలుచుకుని మరీ పక్కనుంచి నడిచేవి. గవ్వ ఎవరినీ ఏమీ అనలేదు. రోజూ సాయంత్రం సింగారి నోటినిండా పచ్చగడ్డి తెచ్చి గవ్వ పడుకునే చోట పరిచేది.

మూడో రోజు గవ్వ నేలకు చెవి ఆనించి పడుకుని ఉంది. లోపల ఏదో చప్పుడు. కరకర, కరకర. ముక్కు నేలకు పెట్టి గట్టిగా పీల్చింది. పందికొక్కుల వాసన! ఒకటీ రెండూ కాదు, ఒక ఊరంత ఉన్నాయి. కట్ట లోపల బొరియలు తవ్వుకుంటూ పోతున్నాయి.

గవ్వ వెంటనే సంచులయ్యను పిలిచింది. "అయ్యా, కట్టలో పందికొక్కులు పడ్డాయి. లోపలంతా గుల్ల చేస్తున్నాయి. ఒక్కసారి నన్ను కట్ట ఎక్కనివ్వండి. తరిమేసి వచ్చి, మళ్లీ తాడు కట్టించుకుంటాను."

సంచులయ్య సంచి ఊగేలా నవ్వాడు. "కట్టేసిన కుక్కకు కట్ట సంగతులెందుకు?" అన్నాడు. ఆ మాట విడిది అందరికీ భలే నచ్చింది. సాయంత్రం దాకా ఒకరికొకరు చెప్పుకుని నవ్వుకున్నారు. గవ్వ చిరిగిన చెవి వాల్చుకుని పడుకుంది.

ఆ ఏడు మృగశిర కార్తె ఇంకా రాలేదు. అయినా ఐదో రోజు పొద్దున ఎగువన మబ్బులు కమ్మాయి. చూస్తూ ఉండగానే కుండపోత. వాగులన్నీ పొంగి చెరువులో పడ్డాయి. మధ్యాహ్నానికి వాన వెలిసింది. చెరువు మాత్రం నిండు కుండలా నీళ్లు కట్ట అంచు దాకా తెచ్చుకుంది. విడిదిలో అందరూ సంబరపడ్డారు. "ఎంత అందంగా ఉందో చూడు!" అని పిల్లల్ని ఎత్తి చూపించారు.

సరిగ్గా అప్పుడే సింగారికి నొప్పులు మొదలయ్యాయి. కట్ట కింద తన నాలుగు రాళ్ల మధ్య పడుకుంది. ఇక లేచే స్థితిలో లేదు.

గవ్వ మాత్రం చెరువునూ చూడలేదు, మబ్బులనూ చూడలేదు. కట్ట అడుగునే చూస్తోంది. అక్కడ ఎప్పుడూ సన్నగా నీరు ఊరుతుండేది. ఆ ఊట తేటగా ఉండేది. కుందేళ్లు అందులో మూతులు కడుక్కునేవి. ఇప్పుడు ఆ నీరు ఎర్రగా వస్తోంది, మట్టి కలుపుకుని వస్తోంది.

గవ్వ చిన్నప్పటి నుంచి గొర్రెల మందల వెంట తిరిగి పది చెరువుల కట్టలు చూసింది. ఊట తేటగా ఉన్నంతసేపు భయం లేదు. బురదగా మారిందంటే, కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. ఇంకాస్త ఆగితే కట్ట తెగుతుంది. చెరువంతా వచ్చి విడిది మీద పడుతుంది. అందరికంటే ముందు సింగారి మీద పడుతుంది.

"కట్ట తెగుతోంది! లేవండి! లేవండి!" అని గవ్వ గొంతు చించుకుని అరిచింది.

"దీనికి వాన పడితే కూడా మొరుగుడే" అని ఒక జింక విసుక్కుంది.

ఆ తాడు గవ్వకు ఒక లెక్క కాదు. మూడు కొరుకులు చాలు. మొదటి రోజే కొరికేయగలదు. మాట ఇచ్చింది కాబట్టి కొరకలేదు, అంతే. ఇప్పుడు కొరికితే ఇద్దరినీ గెంటేస్తారు. కొరకకపోతే?

'విడిది పోతే ఇంకో విడిది వెతుక్కోవచ్చు. మా అక్క పోతే ఎక్కడ వెతకను?' అనుకుంది గవ్వ.

ఒకటి, రెండు, మూడు. తాడు తెగింది. గవ్వ ఒక్క గెంతులో కట్ట ఎక్కింది.

"తాడు తెంపేసింది! కుక్క తాడు తెంపేసింది!" అని సంచులయ్య రెక్కలు టపటపలాడించాడు. "పట్టుకోండి దాన్ని! నియమం తప్పింది! మేకనూ బయటికి లాగండి!"

గేదెలు లేచాయి. గాడిదలు లేచాయి. అంతా పలక దగ్గరకు పరుగున వచ్చారు. అప్పుడు పలక పక్కన బురద కదిలింది. బురదలోంచి ఒక పెద్ద డిప్ప పైకి లేచింది. డిప్పలోంచి ముడతలు పడ్డ మెడ బయటికి వచ్చింది. వాన పడితే నిద్ర లేచే డిప్పవ్వ ఈసారి విడిది ఖాళీ కాకముందే లేచింది!

"ఏమిట్రా ఈ గోల? ఎవరు ఏ నియమం తప్పారు?" అంది డిప్పవ్వ.

"అవ్వా, నువ్వు చెక్కిన నియమమే! కుక్కలను కట్టవలెను. ఆ కుక్క తాడు తెంపి కట్ట ఎక్కింది" అన్నాడు సంచులయ్య.

"నేనెప్పుడు చెక్కానురా ఆ మాట? ముందు నువ్వు ఆ పలక మీంచి దిగు."

సంచులయ్య దిగాడు. అందరూ పలక వైపు చూశారు. పొద్దుటి వానకు పలక కడిగిన పళ్లెంలా మెరుస్తోంది. 'కట్ట'కూ 'వలెను'కూ మధ్య ఉన్న తెల్లదనం మొత్తం కొట్టుకుపోయింది. దాని కింద చక్కగా చెక్కిన అక్షరాలు బయటపడ్డాయి. ఒక కుందేలు పిల్ల గట్టిగా కూడబలుక్కుని చదివింది.

"కుక్కలను... కట్ట... మీద... ఉంచవలెను."



"మరి ఇన్నాళ్లూ ఆ తెల్లగా ఉన్నది ఏమిటి?" అని ఒక గేదె అడిగింది.

సంచులయ్య నేల చూపులు చూశాడు. "నేను... రోజూ అక్కడే కూర్చుంటాను కదా..." అని నసిగాడు.

అది సంచులయ్య రెట్ట! మూడేళ్లుగా పైన కూర్చుని, తన కిందే ఉన్న మాటను తానే కప్పేశాడు. ఇంకో సమయమైతే అందరూ పొట్ట పట్టుకుని నవ్వేవారే. డిప్పవ్వ ముఖం చూసి ఎవరికీ నవ్వు రాలేదు.

"కుక్క నడిచే కట్టలో పందికొక్కు కాపురం పెట్టదు. అందుకే కదరా వాళ్లను కట్ట మీద ఉంచమన్నాను! మూడేళ్లుగా ఒక్క కుక్క కూడా కట్ట మీద తిరగలేదా? పందికొక్కులకు మేడలు కట్టించి పెట్టావు కదరా!" అంది డిప్పవ్వ.

"అవ్వా, తిట్లు తరవాత!" కట్ట మీంచి గవ్వ అరిచింది. "ఊట ఎర్రబడింది. మా అక్క లేచే స్థితిలో లేదు. మీరు సాయం పడితే కట్టను నిలబెట్టవచ్చు."

అందరూ కట్ట అడుగు వైపు చూశారు. ఎర్రనీరు అప్పటికే వేలంత ధారై పడుతోంది. జింకలకు పారిపోవాలనిపించింది. కానీ సింగారి మూలుగు వినబడింది. ఒక్కరూ కదలలేదు.

"ఏం చేయాలో నువ్వే చెప్పమ్మా" అంది ముసలి గేదె. విడిదిలో గవ్వను అమ్మా అని పిలవడం అదే మొదటిసారి.

గవ్వ ముక్కు నేలకు పెట్టి కట్ట మీద పరుగు తీసింది. వాసన తగిలిన చోటల్లా ఆగి తవ్వింది. బొరియ నోరు బయటపడగానే తల లోపలికి పెట్టి ఒక్క మొరుగు మొరిగింది. ఆ మొరుగుకు కట్ట లోపల గుండెలు పగిలాయి. పందికొక్కులు ఒకదాని మీద ఒకటి పడుతూ బయటికి దూకాయి. పిల్లల్ని నోట కరుచుకుని మైదానం దాటేదాకా వెనక్కి తిరిగి చూడలేదు.

గవ్వ చూపించిన బొరియలో గాడిదలు వెనక కాళ్లతో మట్టి తోశాయి. గొర్రెలు గడ్డి ఉండలు చేసి కుక్కాయి. గేదెలు తమ బరువంతా వేసి తొక్కాయి. అలా ఒకటి, రెండు, ఆరు బొరియలు మూసుకున్నాయి. అయినా ఎర్రనీరు ఆగలేదు.

గవ్వ నీటి అంచున నిలబడి మళ్లీ మళ్లీ వాసన చూసింది. "ఏడోది నీళ్ల కింద ఉంది. ఇదిగో, సరిగ్గా ఇక్కడ. చెరువు దాని గుండానే బయటికి పోతోంది. అక్కడికి మట్టి మోసేవాళ్లు కావాలి. నీళ్లలో తల ముంచగలవాళ్లు కావాలి" అంది.

అందరి చూపూ ఒక్కసారి సంచులయ్య ముక్కు కింద ఆగింది.

సంచులయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు. బురదంటే అతనికి పరమ అసహ్యం. "నా సంచి చేపల కోసం..." అని మొదలుపెట్టి, డిప్పవ్వను చూసి ఆగిపోయాడు. కిందికి వెళ్లి సంచినిండా బంకమట్టి నింపుకున్నాడు. మెడ వంగిపోతుండగా కట్ట ఎక్కి నీళ్లలోకి దిగాడు.

"ఎడమకు జరగండి. ఇంకా ఎడమకు. ఆ, అక్కడే ముంచండి!" అని గవ్వ చెప్పింది.

సంచులయ్య తల ముంచి మట్టి కుక్కాడు. మళ్లీ వెళ్లాడు, మళ్లీ నింపుకున్నాడు. పది సార్లు తిరిగేసరికి అతని సంచి వాచిపోయింది. తెల్లటి రెక్కలు ఎర్రమట్టి రంగుకు తిరిగాయి. పన్నెండోసారి మట్టి కుక్కి తల ఎత్తాడో లేదో, కట్ట కింద నుంచి కుందేలు పిల్లలు కేక పెట్టాయి.

"ధార సన్నబడింది! ఆగిపోతోంది! ఊట తేటపడుతోంది!"

ఆ కేక ముగియకముందే ఇంకో కేక వినబడింది. సన్నటి, కొత్త గొంతు. మే, మే అని! వెంటనే దానికి జతగా మరొకటి. సింగారికి కవల పిల్లలు పుట్టారు.

గవ్వ కట్ట మీంచి ఎలా దిగిందో దానికే తెలియదు. తడి బురదతోనే వెళ్లి సింగారి ముందు కూలబడింది. పిల్లలు రెండూ వణుకుతూ నిలబడటానికి ప్రయత్నిస్తున్నాయి. ఒకటి తూలి గవ్వ ముక్కు మీదే పడింది. గవ్వకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

"నిలబడింది అక్కా. కట్ట నిలబడింది" అంది.

"నువ్వు నిలబెట్టావే తల్లీ" అంది సింగారి.

విడిది అంతా గవ్వను ఊరేగించారు. ముసలి గేదె వీపు మీద ఎక్కించుకుని, చెరువు కట్ట ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పారు. జింకలు ముందు నడిచాయి. గాడిదలు పాడాయి. వాటి పాట ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా, అయినా ఆ రోజు అందరికీ తియ్యగానే వినబడింది. తాడు పొడవు కొలిచి నడిచిన జింకే వచ్చి గవ్వ కాళ్ల దగ్గర తల వంచి, "తప్పయిపోయింది" అంది.

పలక మీద కూర్చునే హక్కు సంచులయ్యకు పోయింది. ఆ రోజు నుంచి పొద్దున్నే ఒక సంచి మట్టి తెచ్చి కట్టకు వేయడం అతని పని. ఎక్కడ వేయాలో గవ్వ చెప్పాలి. అతను "అలాగేనమ్మా" అనాలి. మొదట్లో ఆ మాట అతని గొంతు దాటేది కాదు. నెల తిరిగేసరికి అలవాటైపోయింది.

గరికబయలు అంతటా ఈ కబురు పాకింది. మరుసటి వేసవికి ముళ్లకుంట విడిదివాళ్లూ, సంతతోపు విడిదివాళ్లూ కుక్కలకు తామే కబురు పంపి పిలిచారు. పాలచెరువు విడిది పెత్తనం గవ్వది అయింది. దాని కింద ఆరు కుక్కలు కట్ట కాసేవి. ఆ చెరువు మళ్లీ ఎన్నడూ ఎర్రనీరు కార్చలేదు.

ఇదంతా తరవాతి మాట. ఆ రోజు మాత్రం ఊరేగింపు ముగిశాక గవ్వ కట్ట మీద తన తొలి కాపలాకు నిలబడింది. సాయంత్రపు ఎండ నీళ్ల మీద పడుతోంది. కింద పచ్చికలో పిల్లలు రెండూ కడుపునిండా పాలు తాగి ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. గాలికి గడ్డి సరసరలాడింది, తుమ్మకొమ్మ ఊగింది. సింగారి ఉలిక్కిపడలేదు. ఒకసారి తలెత్తి కట్ట మీద గవ్వను చూసుకుంది. ఏడాది తరవాత మొదటిసారిగా, రెండు కళ్లూ మూసుకుని హాయిగా నిద్రపోయింది.

నీతి: ఒక నియమాన్ని ఇతరుల మీద రుద్దే ముందు, అది ఎందుకు పుట్టిందో తెలుసుకోవాలి. మనల్ని కాపాడగలిగే వాళ్లను గర్వంతో కట్టేస్తే, ఆపద మన మీదికే వస్తుంది.